చిన్న తొట్టికి పెద్ద సిలిండర్

కింద ఫ్లోరు అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఆర్నెల్ల కిందట రెండడుగుల గాజు తొట్టి కొన్నాడు. వాడి మోజు చేపల మీద కాదు, మొక్కల మీద. ఒక సాయంత్రం ఫోన్ పట్టుకుని పైకొచ్చాడు.

"అంకుల్, ఇది సరిపోద్దా?"

రెండు కూల్‌డ్రింక్ సీసాలకు బిగించే మూతలు, సన్నటి గొట్టం, గ్యాస్‌ని సన్నటి బుడగలుగా నీళ్లలోకి వదిలే గోరంత పింగాణీ డిఫ్యూజర్. అన్నీ కలిపి వెయ్యి రూపాయల లోపే. "సీసాల్లో పంచదార, ఈస్ట్ వేస్తే చాలంట, మొక్కలకి కావలసిన సీవోటూ, అదే కార్బన్ డయాక్సైడ్, వస్తుందంట. చిన్న ట్యాంకే కదా, చిన్న సెట్ చాల్దా?"

ఎనిమిదేళ్ల కిందట సరిగ్గా ఈ మాటే నేనూ అనుకున్నాను. ఇద్దరే ఉన్న ఇంటికి మూడు లీటర్ల కుక్కరు చాలు, అలాగే చిన్న తొట్టికి చిన్న ఏర్పాటు చాలు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ సీవోటూ దగ్గరకొచ్చేసరికి ఈ లెక్క తిరగబడుతుంది. తొట్టి ఎంత చిన్నదైతే గ్యాస్ మీద పట్టు అంత గట్టిగా ఉండాలి. ఆ పట్టు సీసా మూతల్లో దొరకదు. పెడితే వాల్వులున్న సిలిండరే పెట్టాలి, లేదంటే అసలు గ్యాస్ జోలికే పోకూడదు. ఈ రెండిటి మధ్య అమ్మేవన్నీ మనకి వెయ్యి రూపాయలు మిగిల్చి చేపల్ని మింగేవే. వాడికి ఇదే చెప్పాను. నమ్మలేదు. కాగితం తెమ్మన్నాను.

రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అంటే 54 లీటర్లు. అడుగున మట్టి, రాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నీళ్లు 45 లీటర్లు ఉంటాయి. గాలికి వదిలేసిన నీళ్లలో దానంతటది కరిగే సీవోటూ లీటరుకు అర మిల్లీగ్రాము. మొక్కలు బాగా ఎదగడానికి మనం పెట్టుకునే గురి లీటరుకు 30 మిల్లీగ్రాములు. అంటే తొట్టి మొత్తంలో ఏ క్షణమైనా కరిగి ఉండాల్సిన గ్యాస్ గ్రామున్నర కూడా కాదు. ఇప్పుడు పొరపాటున ఒక్క గ్రాము ఎక్కువ కరిగిందనుకోండి. మూడొందల లీటర్ల పెద్ద ట్యాంకులో లీటరుకు మూడు మిల్లీగ్రాములు పెరుగుతుంది, చేపలకి తెలియను కూడా తెలియదు. మన 45 లీటర్లలో 22 పెరుగుతుంది. ముప్ఫై కాస్తా యాభై దాటుతుంది, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. చిన్న తొట్టిలో తప్పు చేయడానికి చోటు లేదు.

"మరి ఈస్ట్ మెల్లగానే వదుల్తుంది కదా అంకుల్?"

మెల్లగానా? ఆ సంగతి మా ఇంట్లోవాళ్లని అడగాలి.

నేను మొదలుపెట్టింది ఈస్ట్‌తోనే. రెండు లీటర్ల సీసాలో పావుకిలోకి తక్కువ పంచదార, గోరువెచ్చటి నీళ్లు, చిటికెడు ఈస్ట్. రెండొందల గ్రాముల పంచదార మొత్తం పులిస్తే వచ్చే సీవోటూ వంద గ్రాముల పైచిలుకు. రోజుకి నాలుగైదు గ్రాముల లెక్కన మూడు వారాలు రావాలి. డిసెంబర్లో వచ్చింది కూడా. ఏప్రిల్ వచ్చేసరికి అదే సీసా మొదటి నాలుగు రోజులు పొంగి పొంగి, పదో రోజుకి చప్పబడిపోయేది. మొగల్రాజపురంలో నాలుగో అంతస్తు, మా పైన డాబానే. ఆ వేడికి ఈస్ట్ పూనకం వచ్చినట్టు పనిచేస్తుంది. దాన్ని ఆపే మీట లేదు. గొట్టం నొక్కి పెడితే సీసా ఉబ్బుతుంది. పైగా ఇల్లంతా పులిసిన కల్లు వాసన. "ఏవండీ, ఇంట్లో సారా కాస్తున్నారా ఏంటి? ఎవరైనా వస్తే ఏమనుకుంటారు?" అని మా ఆవిడ సీసాని వంటింటి బాల్కనీలోకి నెట్టింది. అక్కడ ఇంకా ఎండ.

మే మూడో వారంలో ఒక రాత్రి గాలివాన. తొమ్మిదింటికి కరెంటు పోయింది. ఎక్కడో చెట్టు తీగల మీద పడిందన్నారు. వాన చల్లదనానికి అందరం హాయిగా నిద్రపోయాం. తెల్లవారుజామున అయిదింటికి కరెంటొచ్చి ఫిల్టరు గుర్రుమన్న చప్పుడికి లేచాను. టార్చి వేసి చూస్తే నీటి మీద నియాన్ టెట్రాలు వెల్లకిలా తేలుతున్నాయి. పద్నాలుగింట్లో పదకొండు. మిగతా మూడూ ఫిల్టరు ధార పడే మూల చేరి ఆయాసపడుతున్నాయి. వాటి నీలం గీత పాలిపోయి, ముగ్గేసిన మర్నాటి గుమ్మంలా కనీకనిపించకుండా ఉంది. (విజయవాడ ఎండల్లో నియాన్ టెట్రాలేమిటని అడక్కండి. అప్పటికి అంత తెలివి లేదు.)

ఆ రాత్రి ఏం జరిగిందో తర్వాత విడదీసి చూసుకున్నాను. చీకట్లో మొక్కలు సీవోటూ తీసుకోవు, మనలాగే ఆక్సిజన్ పీల్చి సీవోటూ వదుల్తాయి. ఫిల్టరు ఆగిపోయింది కాబట్టి నీటి పైపొర కదల్లేదు, పోగయిన గ్యాస్ బయటికి పోవడానికి దారి లేదు. నీళ్ల వేడి 33 డిగ్రీలు. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాముల చిల్లర ఆక్సిజన్ పట్టుకుంటే, 33 దగ్గర ఏడు చిల్లరే పట్టుకుంటాయి. అదే వేడికి చేపకి కావలసిన ఆక్సిజనేమో పెరుగుతుంది. ఇన్నిటి మధ్య బాల్కనీలో సీసా మాత్రం తన పని తాను చేసుకుంటూ పోయింది. ఇంట్లో కరెంటుతో సంబంధం లేకుండా పనిచేసింది అదొక్కటే.

అప్పట్నుంచి ఏ సీవోటూ పరికరాన్ని చూసినా ధర కంటే ముందు ఒకటే అడుగుతాను. నేను నిద్రపోతున్నప్పుడు కరెంటు పోతే ఇది ఆగుతుందా, ఆగదా?

నిమ్మ ఉప్పు, వంటసోడా పద్ధతి ఈస్ట్ కంటే నయం, కాదనను. రెండొందల గ్రాముల వంటసోడా నుంచీ వచ్చేది వంద గ్రాముల చిల్లరే, కానీ ఒత్తిడి తగ్గినప్పుడే ఒక సీసాలోది రెండో సీసాలోకి వెళ్లి గ్యాస్ తయారవుతుంది, ఒత్తిడి నిలబడితే ఆగిపోతుంది. మధ్యలో గ్యాస్‌ని సన్నగా వదిలే నీడిల్ వాల్వు పెట్టుకోవచ్చు. సీసా బదులు స్టీలు డబ్బా, పైన సోలనాయిడ్ అనే కరెంటు వాల్వు ఉన్నవీ ఇప్పుడు దొరుకుతున్నాయి. అంతదాకా వచ్చాక ఖర్చు సిలిండర్ దగ్గరికే వస్తుంది. మూడు వారాలకోసారి కడిగి, తూచి, మళ్లీ కలపాలి. మొదటి మూడు నెలలు ముచ్చటగా ఉంటుంది. నాలుగో నెల బద్ధకం, అయిదో నెల తొట్టి నిండా నాచు. రెండు రోజులు గ్యాస్ ఉండి నాలుగు రోజులు లేకపోతే మొక్క కంటే నాచే ముందు అలవాటు పడుతుంది. గ్యాస్ అసలు లేకపోయినా తట్టుకునే మొక్క, ఉండీ లేనట్టు ఉంటే తట్టుకోలేదు.

'లిక్విడ్ కార్బన్' అని సీసాల్లో అమ్మేది సీవోటూ కాదు. చాలావాటిలో ఉండేది గ్లూటరాల్డిహైడ్, ఆస్పత్రుల్లో పరికరాలు శుభ్రం చేయడానికి వాడే జాతి మందు. నాచుని చంపుతుంది నిజమే. వాలిస్నేరియా అనే నీటి మొక్కని, కొన్ని మాస్‌లనీ కూడా చంపుతుంది. నీళ్లలో వేసే సీవోటూ బిళ్లల గురించి మాట్లాడటం దండగ.

ఇక సిలిండర్.

మన ఊళ్లో ఇదేదో దొరకని వస్తువని భయపడతారు. గోలీ సోడా తాగి పెరిగిన ఊరు కదండీ! ప్రతి సోడా మెషీను వెనకా నిలబడి ఉండేది సీవోటూ సిలిండరే. ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపులు వాడేదీ ఇదే. వన్‌టౌన్‌లో సోడా గ్యాస్ నింపే ఒక కొట్టుకి మొదటిసారి వెళ్లి రెండు కిలోల సిలిండర్ కావాలంటే, కొట్టు బాబాయి నా ఇస్త్రీ చొక్కా కేసి చూసి, "సోడా బండి పెడతారా సార్?" అన్నాడు. చేపలకని చెప్పాను. ఇంకోసారి చెప్పమన్నాడు.

కొనేటప్పుడు సిలిండర్ మెడ మీద చూడాలి. ఖాళీ బరువు, ఎంత పడుతుంది, చివరిసారి నీటి ఒత్తిడి పరీక్ష ఎప్పుడు చేశారు, అన్నీ గుద్ది ఉంటాయి. ఆ పరీక్ష అయిదేళ్లకోసారి జరగాలి. నాగపూర్‌లో ప్రధాన కార్యాలయం ఉన్న కేంద్ర ప్రభుత్వ భద్రతా సంస్థ 'పెసో' ఆమోదించినదే కొనాలి, గ్యాస్ సిలిండర్ రూల్స్ 2016 చెప్పేది అదే. పాత మంటలార్పే సిలిండర్ చవగ్గా వస్తుందని ఎవరైనా అంటే లోపల ఏముందో అడగండి. చాలావాటిలో అడుగుదాకా ఒక గొట్టం ఉంటుంది, ద్రవాన్ని పైకి లాగడానికి. మంటల మీద చల్లడానికి అది కావాలి. సిలిండర్ ఒత్తిడిని దించే మన రెగ్యులేటర్లోకి ద్రవం ఎక్కితే మాత్రం దాని పని అయిపోయినట్టే. అదే కారణంతో మామూలు సిలిండర్‌ని కూడా పడుకోబెట్టి వాడకూడదు.

రెగ్యులేటర్ ఆన్‌లైన్లో తెప్పిస్తే మర దగ్గర తంటా వస్తుంది. అమెరికా మర ఒకటి, యూరప్ మర ఒకటి, మన సిలిండర్ మర ఇంకొకటి. నేను తెప్పించినది బిగిసినట్టే బిగిసి బుస్సుమంది. అడాప్టర్ కోసం ఇంకో వారం. సిలిండర్ తీసుకెళ్లి దాని ముందే రెగ్యులేటర్ బిగించి చూసుకోవడం మంచిది. ఇంకో సంగతి: ఒత్తిడి చూపే గేజీలు రెండున్నాయి కాబట్టి డ్యూయల్ స్టేజ్ అని అమ్ముతారు. గేజీలు రెండుండటం వేరు, ఒత్తిడిని రెండు మెట్లలో దించడం వేరు. ఒక మెట్టుదైతే, సిలిండర్ అడుగంటే సమయానికి ఇవతలి ఒత్తిడి ఉన్నట్టుండి పెరిగి, సెకనుకి ఒక బుడగ వచ్చేచోట ధారలా రావచ్చు. చిన్న తొట్టిలో దానికి అర్థం ఏమిటో పైన లెక్కలోనే ఉంది. నాదీ ఒక మెట్టుదే, అబద్ధం చెప్పను. అందుకని పావుకిలో మిగిలి ఉండగానే నింపించేస్తాను.

మిగిలింది ఎంతో ఎలా తెలుస్తుంది? గేజీ చూసి కాదు, తూచి. లోపల ద్రవం ఉన్నంతకాలం ముల్లు దాదాపు కదలదు, అది చెప్పేది వేడిని, గ్యాస్‌ని కాదు. 20 డిగ్రీల దగ్గర 57 బార్, 30 దగ్గర 72. ఇక్కడే మన ఊరి విశేషం. కార్బన్ డయాక్సైడ్‌కి 31 డిగ్రీలు దాటితే ద్రవం, వాయువు అనే తేడానే ఉండదు, ఎంత నొక్కినా ద్రవం కాదు. అంటే మార్చి నుంచి జూన్ దాకా మన హాల్లో నిలబడి ఉన్న సిలిండర్లో ఉన్నది ద్రవమూ కాదు, గ్యాసూ కాదు, ఏదో మధ్యస్థం. అక్కణ్నుంచి ఒక్కో డిగ్రీకీ ఒత్తిడి ఎగబాకుతుంది, నిండా నింపిన సిలిండర్లో మరీను. బాబాయి ఒకసారి అభిమానం కొద్దీ "మీకని రెండొందల గ్రాములు ఎక్కువ కొట్టా సార్" అన్నాడు. దండం పెట్టి తీయించేశాను. సిలిండర్‌కి ఒత్తిడి మితిమీరితే పగిలే బిళ్ల ఒకటి ఉంటుంది. అది మే నెల మధ్యాహ్నం మా హాల్లో పగలడం నాకిష్టం లేదు.

రెండు కిలోల గ్యాస్ ఒక్కసారిగా బయటికొస్తే సుమారు 1,100 లీటర్లు. పదికి పది గది, పదడుగుల ఎత్తు, తలుపులు మూసి ఏసీ వేసుకుంటే ఆ గాల్లో దాదాపు నాలుగు శాతం సీవోటూ అవుతుంది. ప్రాణానికే ముప్పని అమెరికాలో పని ప్రదేశాలకు గీసిన గీత సరిగ్గా ఆ నాలుగు శాతమే. కాబట్టి పడగ్గదిలో వద్దు, ఎండ తగిలే బాల్కనీలో వద్దు. మాది హాల్లో తూర్పు గోడ మూల, ఎప్పుడూ తెరిచి ఉండే కిటికీ పక్కన, పడిపోకుండా గోడకి గొలుసు కట్టి ఉంటుంది. బిగించిన ప్రతిసారీ జాయింట్ల మీద సబ్బు నురగ రాసి చూస్తాను.

సోలనాయిడ్ అంటే కరెంటు ఉంటేనే తెరుచుకునే వాల్వు. కరెంటు పోతే మూసుకుంటుంది. నా ప్రశ్నకి జవాబు ఇదే కదా అని సంబరపడి, బిగించిన రోజే ఒక తెలివితక్కువ పని చేశాను. ఖరీదైన వస్తువు కదా అని దాన్ని ఇన్వర్టర్ లైన్ సాకెట్లో పెట్టాను. ఫిల్టరేమో మామూలు సాకెట్లో ఉంది. అంటే కరెంటు పోతే ఫిల్టరు ఆగుతుంది, గ్యాస్ ఆగదు. డబ్బు పెట్టి మరీ ఆ గాలివాన రాత్రిని మళ్లీ తయారుచేసుకున్నానన్నమాట. రెండు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు, నిశ్శబ్దంగా ఉన్న తొట్టిలో బుడగలు మాత్రం ఎక్కుతుండటం చూసి గుండె జారింది. ఇప్పుడు తారుమారు చేశాను: ఫిల్టరు, గాలి పంపు ఇన్వర్టర్ మీద, గ్యాస్ మామూలు కరెంటు మీద. పైసా ఖర్చు లేదు, ప్లగ్గులు మార్చడమే. నేను కొన్న ఏ పరికరం కంటే ఎక్కువ చేపల్ని కాపాడింది ఈ మార్పే అనుకుంటాను.

టైమర్ కూడా అంతే. గుండ్రంగా తిరిగే చవక టైమర్లు కరెంటుతోనే నడుస్తాయి, మూడు గంటలు కరెంటు పోతే గడియారం మూడు గంటలు వెనకబడుతుంది. సాయంత్రం ఆగాల్సిన గ్యాస్ రాత్రి పదింటిదాకా వస్తుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరే కొనాలి. లైటు వెలగడానికి గంటన్నర ముందు గ్యాస్ మొదలు, ఆరడానికి గంట ముందు బంద్.

మొత్తం నాకు తొమ్మిది వేల చిల్లర అయింది. ఒకసారి నింపితే ఏడాదికి అటూఇటూగా వస్తోంది. ఈస్ట్ లెక్కలో చెప్పాలంటే ఇరవై సీసాలు.

ఇన్ని వాల్వులున్నా నీళ్లు తెలియకపోతే ముప్పే. మా అపార్ట్‌మెంట్ బోరు నీళ్లకి కేహెచ్ (నీళ్లలో కార్బనేట్ల గట్టిదనం) కిట్‌తో చూస్తే 14 వచ్చింది. సీవోటూ, పీహెచ్, కేహెచ్ మూడిటికీ ముడి ఉంది: కేహెచ్‌ని మూడుతో గుణించి, పీహెచ్ ఏడు నుంచి ఒక్కో అంకె దిగినకొద్దీ పది రెట్లు చేయాలి. పీహెచ్ 6.6కి తెస్తే చాలని ఎవరో చెప్తారు. కేహెచ్ 4 ఉన్న మెత్తటి నీళ్లకి అది నిజం, లెక్క సరిగ్గా 30 వస్తుంది. మా బోరు నీళ్లలో అదే 6.6కి దించితే లీటరుకు 105 మిల్లీగ్రాములు! చేపల కూర వండుకోవడమే. మా నీళ్లకి 30 అంటే పీహెచ్ 7.15 దగ్గర ఆగిపోవాలి. సీవోటూ ఎంతుందో రంగుతో చూపడానికి తొట్టిలో వేలాడదీసే డ్రాప్ చెకర్‌లో కూడా తొట్టి నీళ్లు పోసేవాళ్లున్నారు, అదీ ఇదే తప్పు. అందులో కేహెచ్ 4 ద్రావణమే ఉండాలి. నీలం అయితే తక్కువ, ఆకుపచ్చ అయితే సరి, పసుపు అయితే పరిగెత్తాలి. అది రంగు మారేది గంటా రెండు గంటలు ఆలస్యంగా. అందుకే వాల్వు తిప్పిన రోజు నేను ఇల్లు కదలను. ఏప్రిల్ నుంచి మాత్రం ఆకుపచ్చ కూడా చూడను, నీలం కలిసిన ఆకుపచ్చ దగ్గరే ఆపేస్తాను. వేసవిలో చేప ఊపిరి కంటే ఎర్ర ఆకు ఎక్కువ కాదు.

ఇదంతా విని కుర్రాడు ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "తొమ్మిది వేలంటే మా నాన్న తొట్టిలో నన్ను ముంచుతాడు అంకుల్."

అయితే గ్యాస్ లేకుండా పెంచమన్నాను. ఇది ఓదార్పు మాట కాదు. మన కాలవల్లో, చెరువుల్లో పెరిగే పునాచు (హైడ్రిల్లా) మొక్కకి ఎవరు సిలిండర్ పెట్టారు? అదీ వాలిస్నేరియా కూడా నీళ్లలో కరిగిన బైకార్బనేట్ నుంచే కార్బన్ తీసుకోగలవు, గట్టి బోరు నీళ్లంటే వాటికి పండగ. క్రిప్టోకోరైన్, రాయికి కట్టిన జావా ఫెర్న్, అనూబియాస్ మెల్లగా పెరుగుతాయి గానీ పెరుగుతాయి. లైటు ఒకటే తగ్గించుకోవాలి. గ్యాస్ అవసరం పుట్టేది లైటు వల్లే, వెలుగు ఎక్కువై కార్బన్ తక్కువైతే లాభపడేది నాచు. వాడు లైటుని ఆరు గంటలకి దించి, అడుగున మట్టి వేసి, పైన ఇసుక పరిచాడు. నాలుగు నెలల్లో వాలిస్నేరియా తొట్టి వెనక గోడంతా కప్పేసింది. నా తొట్టి కంటే దాని ముందు కూర్చుంటేనే నాకు ప్రశాంతంగా ఉంటుంది. అక్కడ గేజీల ముళ్లు చూసే పని లేదు.

కానీ వాడు ఊరుకునే రకం కాదు. మధ్యలో నా దగ్గర్నుంచి ఎర్ర రొటాలా కొమ్మ ఒకటి తీసుకెళ్లి నాటాడు. నెల తిరిగేసరికి కింది ఆకులు రాలి, పై ఆకులు పచ్చబడి, చీపురు పుల్లలా నిలబడింది. దాన్ని రోజూ చూస్తున్నాడు. మొన్న ఒకటో తారీకున స్ప్రింగు త్రాసుకి సిలిండర్ తగిలించి చూస్తే ఖాళీ బరువు పోగా మూడొందల గ్రాములు. ఆదివారం వన్‌టౌన్ వెళ్లాలని ఇంట్లో అంటుంటే ఎలా విన్నాడో, పొద్దున్నే బండి తాళాలు పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడ్డాడు.

కొట్టు దగ్గర బాబాయి సిలిండర్ అందుకుని, మా ఇద్దర్నీ కిందనుంచి పైదాకా చూశాడు.

"ఏం సార్, బ్రాంచి పెడుతున్నారా?"